చెడిపోని బేరింగుల లెక్క

ప్రశ్న: బిలాస్‌పూర్ కోచింగ్ డిపోలో జూనియర్ ఇంజనీరుని. రిలయబిలిటీ నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనమంటారండీ?

జవాబు: ముందు ఎల్.ఎస్. శ్రీనాథ్ ‘రిలయబిలిటీ ఇంజనీరింగ్’ చదవండి. చిన్న పుస్తకమే, లెక్కలు భయపెట్టవు. తర్వాత ఓకానర్ ‘ప్రాక్టికల్ రిలయబిలిటీ ఇంజనీరింగ్’. 1981 నుంచి ఎన్నో కూర్పులొచ్చాయి. పాతది సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా చాలు.

ఏది కొన్నా ఒక్క పరీక్ష పెట్టండి. 50 ఇరుసు బేరింగుల్లో 6 పోయాయనుకుందాం, 44 ఇంకా తిరుగుతున్నాయి. ఈ 44నీ లెక్కలోకి ఎలా తేవాలో అందులో ఉందా? వెనక సూచికలో ‘సెన్సార్డ్ డేటా’ వెతకండి. లేకపోతే పక్కన పెట్టేయండి. పోయిన ఆరింటి సగటునే బేరింగు ఆయుష్షనుకుంటే, నిక్షేపంగా ఉన్నవాటినీ పీకి పారేస్తారు.

ఇక ప్రమాదాల సంగతికొస్తే, నాన్సీ లెవెసన్ ‘ఇంజనీరింగ్ ఎ సేఫర్ వరల్డ్’ (2011). దీనికి డబ్బు దండగ చేయకండి, ఎంఐటీ ప్రెస్ ఉచితంగానే ఇస్తోంది.