డిగ్రీ లేకుండా ఐటీ కొలువు

ప్రశ్న: శంషాబాద్ విమానాశ్రయంలో షిఫ్టు ఉద్యోగం. చదువు ఇంటర్. డిగ్రీ లేకుండా ఐటీలోకి మారడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు సాధారణంగా డిగ్రీ అడుగుతాయి. డెస్క్‌టాప్ సపోర్ట్, నెట్‌వర్క్ సపోర్ట్ కొలువుల్లో, ముఖ్యంగా చిన్న సంస్థల్లో, పనితనం చూసి తీసుకునే అవకాశం ఎక్కువ. చెక్-ఇన్ కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ప్రింటర్ మొరాయిస్తే ముందు కేబుల్ చూడడం, తర్వాత ఐపీ అడ్రస్ సరిచూడడం, పింగ్ చేసి లోపం ప్రింటర్‌లో ఉందో నెట్‌వర్క్‌లో ఉందో తేల్చడం ఈ కొలువుల్లో చేసే పనే.

శిక్షణకు దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ నిర్వహించే ‘ఓ’ లెవెల్ కోర్సుకు ఇంటర్ అర్హత సరిపోతుంది. నెట్‌వర్కింగ్‌లో సిస్కో సంస్థ పెట్టే సీసీఎన్‌ఏ పరీక్షకు డిగ్రీ నిబంధన లేదు. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. షిఫ్టులు మారుతున్నా వీలున్నప్పుడు వినవచ్చు.

డిగ్రీని పూర్తిగా వదిలేయడం మంచిది కాదు. పై స్థాయి కొలువులకు అది అక్కరకొస్తుంది. 1982లో ఏర్పడిన, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసుకుంటూనే చదవవచ్చు.

డబ్బు కడితే ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామనేవారిని నమ్మకూడదు. దొంగ అనుభవ పత్రం పెడితే కంపెనీ విచారణలో బయటపడి ఉద్యోగమే పోవచ్చు. కొత్త కొలువు చేతికొచ్చేదాకా పాతది వదలకపోవడమే క్షేమం.