మట్టి పద్దు

నదీతీర వాసులకు వరద శత్రువూ అవుతుంది, మిత్రమూ అవుతుంది. ధవళేశ్వరానికి దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ విస్తరించిన పచ్చని నేల కోనసీమ. జొన్నాడ వైపు నుంచి గౌతమి వంతెన దాటగానే ఎదురయ్యే రావులపాలెం దానికి ముఖద్వారంగా పేరొందింది. అక్కడి మార్కెట్టుకు చేరే అరటి గెలల వెనుక రైతు శ్రమతోపాటు నది మోసుకువచ్చిన ఒండ్రు సారం కూడా ఉంది. వరద తీసిన తరువాత లంక భూమిలో కొత్త మట్టి మేట వేస్తే రైతు సంతోషిస్తాడు. కాని ఇక్కడ జమ అయిన మట్టి మరెక్కడో ఖర్చు అయినదే కదా! ఆ ఖర్చు ఎవరి పొలానిది?

మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదులను కలుపుకొంటుంది. ఈ దారి పొడవునా వాన చినుకులు వాలు నేలల పైపొరను కరిగిస్తూనే ఉంటాయి. భారతదేశంలో ఏటా సుమారు 533 కోట్ల టన్నుల మట్టి స్థానభ్రంశం చెందుతున్నదని 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అందులో 29 శాతం సముద్రం పాలవుతుండగా, 10 శాతం జలాశయాలలో పూడికగా మారుతున్నది. మిగిలినది ఒక చోటు నుంచి మరొక చోటికి తరలిపోతున్నది. ఒక్కొక్క పొలం ఎంత కోల్పోయిందో, ఎంత పొందిందో తెలుసుకోవడం ఎట్లా?

దీనికి సమాధానం విచిత్రంగా అణ్వస్త్రాల బూడిదలో దొరికింది. 1950, 1960 దశకాలలో అగ్రరాజ్యాలు వాతావరణంలో జరిపిన అణు పరీక్షల వల్ల సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఆకాశానికెగసి, వానలతో భూమండలమంతటా రాలింది. 1963 ప్రాంతంలో ఈ పాతం పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాది ఆగస్టులో మాస్కోలో కుదిరిన పాక్షిక నిషేధ ఒప్పందం తరువాత అది క్రమంగా తగ్గింది.

గరళాన్ని కంఠంలో నిలుపుకొన్న శివునివలె బంకమన్ను రేణువులు సీసియాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. అది నీటిలో సులభంగా కరగదు. పైరు గ్రహించేది స్వల్పం. కనుక మట్టి కదిలితేనే అది కదులుతుంది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన రిచీ, మెక్‌హెన్రీ వంటి శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని నేలకోతను కొలవడానికి వినియోగించారు.

పద్ధతి సరళమైనదే. ముందుగా దశాబ్దాలుగా నాగలి తగలని, కోతకు గాని మేటకు గాని లోనుకాని ఒక సమతల బీడును ఎంచుకొంటారు. అక్కడ నిలువునా తీసిన మట్టిలోని సీసియం మొత్తమే కొలబద్ద. పొలంలో అంతకన్న తక్కువ ఉంటే నేల కోతకు గురైనట్లు. ఎక్కువ ఉంటే మేట వేసినట్లు. ఉదాహరణకు, 20 సెంటీమీటర్ల లోతు దున్నే పొలంలో సీసియం 20 శాతం తగ్గిందనుకొందాం. అంటే దాదాపు 60 ఏళ్లలో 4 సెంటీమీటర్ల మట్టి పోయింది. సగటున హెక్టారుకు ఏటా 8 నుంచి 9 టన్నుల నష్టమన్నమాట! కంటికి కనబడని ఈ కోత గామా కిరణాలను లెక్కించే పరికరానికి దొరుకుతుంది.

మేట వేసిన చోట ఇదే పదార్థం కాలసూచిక అవుతుంది. చెదరని నిక్షేపంలో సీసియం అత్యధికంగా ఉన్న పొర 1963 ప్రాంతానిది. దానిపై ఉన్నదంతా తరువాతి మేట. నది నీటిలోని బురద పుట్టుకను కూడా ఇది సూచిస్తుంది. పొలాల పైమట్టిలో సీసియం ఉంటుంది. గట్టు విరిగి పడిన లోతు మట్టిలో దాదాపు ఉండదు. అయితే లంకల గట్లు విరిగిపడే కోతను కొలవడానికి ఈ పద్ధతి చాలదు. దానికి పటాలు, ఉపగ్రహ చిత్రాలు కావాలి.

ఈ సాక్షికి కూడా ఆయుష్షు తరుగుతున్నది. సీసియం-137 అర్ధజీవితకాలం దాదాపు 30 సంవత్సరాలు. 1963లో రాలినదానిలో ఇప్పుడు నాలుగో వంతు కూడా మిగలలేదు. పైగా ఉష్ణమండలంలో రాలినదే తక్కువ. అందుచేత ప్రకృతిసిద్ధమైన సీసం-210, బెరీలియం-7లను కూడా తోడు తెచ్చుకొంటారు. మొదటిది సుమారు వందేళ్ల చరిత్రను, 53 రోజుల అర్ధజీవితకాలం గల రెండవది ఇటీవలి వానల కోతను తెలుపుతాయి.

పూర్వం కొండవాలున ఖర్చయిన మట్టి ఎంతో కొంత డెల్టాలో జమ అయ్యేది. ఇప్పుడు అందులో చాలా భాగం జలాశయాలలో చిక్కుకొంటున్నది. 112 టీఎంసీలుగా నిర్మించిన శ్రీరాంసాగర్ సామర్థ్యం పూడిక వల్ల దాదాపు 90 టీఎంసీలకు తగ్గినట్లు 1994 నాటి సర్వే తేల్చింది. ఎగువ రైతుకు నేల పోయె, జలాశయానికి చోటు పోయె, దిగువ లంకకు ఒండ్రు అందకపోయె. ముగ్గురికీ నష్టమైన ఈ పద్దును సరిచేయాలంటే మట్టిని అది పుట్టిన పొలంలోనే నిలపాలి. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, పచ్చిక పెంచడం అందుకు మార్గాలు. వాటిని ఏ పొలంలో ముందుగా చేపట్టాలో ఆ పొలం మట్టే చెప్పగలదు.

అర్థాలు
ఒండ్రు : నది తెచ్చిన సారవంతమైన మట్టి
గరళం : విషం
పరాకాష్ఠ : అత్యున్నత స్థితి
అర్ధజీవితకాలం : రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గే కాలం

ప్రశ్నలు
1. సీసియం-137 నేలకోతకు సాక్షి ఎట్లా అయిందో వివరించండి.
2. మట్టి పద్దులో ముగ్గురికీ కలిగిన నష్టమేమిటి?