క్రిస్మసు నాటి యింటి భోజనము: స్థలమిచ్చుట

పాఠ్యభాగములు: లూకా 2:1–7, లూకా 14:12–14, గలతీ. 2:11–14
జ్ఞాపకముంచుకొనవలసిన వచనము: 1 పేతురు 4:9



డిసెంబరు మాసము ప్రవేశించినది. వినగడప చుట్టుప్రక్కల చేలలో ప్రత్తి తీతలు సాగుచున్నవి. క్రొత్త ధాన్యము ఇండ్లకు చేరుచున్నది. విజయవాడలోను హైదరాబాదులోను పనులు చేసికొనుచున్న మన పిల్లలు పండుగకు సెలవు దొరకునో లేదో యని చూచుచున్నారు. గుడికి సున్నము వేయుట, నక్షత్రము కట్టుట, పాటలు నేర్చుకొనుట క్రమముగా జరుగుచున్నవి. అయితే ఆరాధన ముగిసిన పిమ్మట మన యిండ్లలో జరుగు భోజనమును గూర్చి మాత్రము వాక్యము తెరచి ఆలోచించుట అరుదు. గుడిలోనిది దేవుని పని, వంటింటిలోనిది మన పని యని విడదీసికొనుట అలవాటైనది. సువార్త ఆలాగు విడదీయలేదు. కావున ఈ నెల పాఠములో బంధుమిత్రులతో కూడి నెమ్మదిగా, సంతోషముగా పండుగ భోజనము చేయుట యెట్లో వాక్యపు వెలుగులో నేర్చుకొందము.

1. బేత్లెహేములో దొరకని స్థలము

లూకా 2:7లో మన తెలుగు బైబిలు "సత్రము" అను మాటను వాడినది. అందుచేత మన పిల్లలు ఆడు నాటకములలో ఒక సత్రపు యజమానుడు తలుపు తీసి, స్థలము లేదని కసరుకొనుట చూచుచున్నాము. అట్టి మనుష్యుడు లూకా వ్రాసిన దానిలో ఎక్కడను లేడు. ఇక్కడ నున్న గ్రీకు మాటయే లూకా 22:11లోను ఉన్నది. అక్కడ మన బైబిలు దానిని "విడిది గది" అని తర్జుమా చేసినది. మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చిన పూటకూళ్ల యింటికి (లూకా 10:34) వేరొక మాట కలదు. కాబట్టి యోసేపు వెళ్లినది బంధువుల యింటికే యనియు, ఆ యింటి విడిది గది అప్పటికే నిండియుండెననియు పండితులలో పలువురు తలంచుచున్నారు. ఆ దేశపు పల్లెటిండ్లలో మనుష్యులు కొంచెము ఎత్తైన భాగమునను, పశువులు అదే కప్పు క్రింద దిగువ భాగమునను రాత్రి గడుపుట వాడుక. అక్కడనే మేత తొట్టె ఉండును. పాక ప్రక్కనే గేదెను కట్టుకొను మనకు ఇది వింత కాదు.

ఇందులో మనకు రెండు పాఠములున్నవి. మొదటిది, స్థలము లేదను మాట పరాయివారి యింట మాత్రమే గాక బంధువుల యింటను వినబడవచ్చును. రెండవది, ఇరుకైన యింటిలోనైనను కొంచెము సర్దుకొనినయెడల ప్రభువుకు చోటు దొరకెను. బేత్లెహేము అను పేరునకు హెబ్రీ భాషలో రొట్టెల యిల్లు అని అర్థము. ఆ ఊరిలో పుట్టినవానిని మేత పెట్టు తొట్టెలో పరుండబెట్టిరి. ఆయన జనన దినమున మనము చేయు భోజనమునకు విలువ వంటకముల లెక్కనుబట్టి రాదు. ఎవరికి స్థలమిచ్చితిమి అను దానినిబట్టి వచ్చును.

2. ఎవరిని పిలువవలెను?

లూకా 14:12ను చదివి కొందరు కలతపడుదురు. స్నేహితులను, సహోదరులను, బంధువులను పిలువవద్దని ప్రభువు చెప్పెను గదా, అన్నదమ్ములను భోజనమునకు పిలుచుట తప్పా అని అడుగుదురు. తప్పు కాదు. ఆయన తానే బేతనియలో తన స్నేహితుల యింట భోజనమునకు కూర్చుండెను. కానాలో పెండ్లి విందుకు వెళ్లెను. మూలభాషలో ఆ క్రియ ఎడతెగని అలవాటును సూచించు రూపములో ఉన్నది. తిరిగి పిలువగలవారినే ఎల్లప్పుడును పిలుచుచుండు వాడుకను ప్రభువు ఖండించుచున్నాడు. ఇది విందు కాదు, చేబదులు. ఈ సంవత్సరము మనము పెట్టుదుము, వచ్చు సంవత్సరము వారు పెట్టుదురు. లెక్క సరిపోవును, ప్రతిఫలమును అంతటితో తీరిపోవును.

కావున మీ పంక్తిలో పది విస్తళ్లు పడునెడల రెండు విస్తళ్లు తిరిగి పిలువలేని వారి కొరకు ముందే వేరుపరచుడి. భర్తను పోగొట్టుకొని మొదటి పండుగ చూచుచున్న సహోదరి ఉండును. పిల్లలు దూరదేశమునకు పోగా ఒంటరిగా మిగిలిన వృద్ధులుందురు. ప్రత్తి తీతకు వేరే ప్రాంతమునుండి వచ్చి చేని గట్టున గుడిసె వేసికొన్న కూలివారుందురు. వీరికి మిగిలినది గిన్నెలో పోసి పంపుట వేరు, మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట వేరు. ప్రభువు చెప్పినది పిలుచుటను గూర్చి.

ఇతర మతములకు చెందిన ఇరుగుపొరుగువారిని కూడ తప్పక పిలువుడి. మాంసము తినని వారు వత్తురని తెలిసినయెడల పప్పు, పులిహోర, కూరగాయల వంటలు వేరు పాత్రలలో మొదటనే వండి, వేరు గరిటెలు ఉంచి, ఆ సంగతి వారికి ముందే తెలియజేయుడి. వచ్చియు భోజనము చేయలేని వారుందురు. వారిపై మనస్సు నొచ్చుకొనక, రెండు పండ్లు చేతికిచ్చి సంతోషముగా సాగనంపుడి. స్థలమిచ్చుట మన వంతు. కూర్చుండుట వారి యిష్టము.

3. ఒక్కటే పంక్తి

ఈ పాఠములో కఠినమైన భాగము ఇది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తీసెను. బర్నబా సహా ఆ వేషధారణలో కొట్టుకొనిపోయెను. పౌలు అందరి యెదుట పేతురును నిలువదీసెను. అక్కడ ప్రసంగములో తప్పు దొరలలేదు, పాటలో తప్పు దొరలలేదు. కూర్చుండి తిను చోటు మారినది. సువార్త సత్యము చొప్పున నడుచుకొనకపోవుట అని పౌలు దానికి పేరు పెట్టెను.

మన ప్రాంతపు సంఘమునకు ఈ సంగతి క్రొత్త కాదు. కృష్ణా మండలమందలి రాఘవాపురములో పగోలు వెంకయ్యగారు 1859లో బాప్తిస్మము పొందిన పిమ్మట పల్లెపల్లెకు సువార్త వ్యాపించినది. మాల పల్లెలనుండియు మాదిగ పల్లెలనుండియు వేలకొలది జనులు సంఘములో చేరిరి. అయితే ఆ రెండు వాడల మధ్య ఉన్న ఎడము బాప్తిస్మముతో ఒక్కసారిగా పోలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషప్పైన వి. యస్. అజరయ్యగారు దోర్నకల్ అధ్యక్ష ఖండములో తన పరిచర్య కాలమంతయు ఈ భేదముతో పోరాడవలసివచ్చెను. ఆయనే అంతకు ముందు 1910లో ఎడింబరో మహాసభలో నిలిచి, మిషనెరీలు తమ సొమ్మును ప్రాణములను ఇచ్చినందుకు వందనములు చెప్పి, ఇంకను ఒకటి కావలెనని అడిగెను. ఆయన అడిగినది స్నేహము. దాతకును స్నేహితునికిని భేదమేమో భోజనపు పంక్తిలో తెలియును. దాత గుమ్మములో నిలిచి ఇచ్చును. స్నేహితుడు ప్రక్కన కూర్చుండి తినును.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వేర్వేరు మిషనుల వారు ప్రభువు బల్ల యొద్ద ఒక్కటైరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచేత అంటరానితనమును నిషేధించినది. చట్టము హోటలు తలుపును తెరువగలదు. మన యింటి పంక్తిని తెరువవలసినవారము మనమే. గుడిలో ఒకే పాత్రలో త్రాగినవారు, ఇంటికి వచ్చిన తరువాత ఒకరికి లోపల పీటయు మరియొకరికి అరుగు మీద ఆకును వేసినయెడల, ఆ ఉదయమున తీసికొన్న సంస్కారమునకు మధ్యాహ్నమే ఎదురు సాక్ష్యము పలికినట్లగును. ఈ క్రిస్మసుకు మీ వాడ దాటి ఒక్క కుటుంబమునైనను పిలువుడి. వారు పిలిచినప్పుడు మీరును వెళ్లుడి. పెట్టుటకంటె వెళ్లి తినుట కొందరికి కష్టము. అక్కడనే పరీక్ష యున్నది.

4. ఎంతలో వండవలెను?

అతిథులు వచ్చు సంతోషమును అప్పు తినివేయును. పండుగకు పదివేల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల నెలకు మూడువందలు, మరుసటి క్రిస్మసు నాటికి 3,600 రూపాయలు వడ్డీయే అగును. అసలు అట్లే నిలిచియుండును. ఒక్క పూట కూర కొరకు ఏడాది పొడుగున పిల్లల పాలు తగ్గించుకొనుట ప్రభువును ఘనపరచుట కాదు. ఆకుకూరల భోజనము ప్రేమతో కూడినదైతే శ్రేష్ఠమని సామెతలు 15:17 బోధించుచున్నది.

పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరమున శిష్యులకు ఏర్పరచిన భోజనమును చూడుడి (యోహాను 21:9–13). నిప్పులు, చేపలు, రొట్టె. అంతే. అదియుగాక, వారు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని ఆయన అడిగెను. సమస్తమును కలుగజేసినవాడు అతిథుల చేత తెప్పించుకొనుట చిన్నతనమని యెంచలేదు. మనము మాత్రము ఎందుకు ఎంచవలెను? ఒక యింటివారు అన్నము, కోడికూర వండుదురు. తోడికోడలు పులిహోర తెచ్చును. పాడి గలవారు పెరుగు తెత్తురు. చేతిలో ఏమియు లేనివారు కట్టెలు చీల్చి, నీళ్లు తోడి, విస్తళ్లు వేయుదురు. ఎవరి చేయియు ఖాళీగా నుండదు, ఎవరి తలయు వంగదు.

వంటకములు నాలుగైదు చాలును. అరిసెలవంటివి కొన్ని దినములు నిలువయుండును గనుక మూడు నాలుగు దినములు ముందుగానే చేసి పెట్టుకొనవచ్చును. క్రొత్త బియ్యము ముద్దయగును గనుక పులిహోరకు పాత బియ్యము వాడుడి. ఆరాధన ఎప్పుడు ముగియునో అయ్యగారిని ముందే అడిగి, దానినిబట్టి ఎసరు పెట్టుకొనుడి. మధుమేహము గల పెద్దలుందురు గనుక వారిని ఆకలితో కూర్చుండబెట్టక మొదట వడ్డించుడి.

5. వండినవారికి స్థలమేది?

మార్త కోపమును గూర్చి ప్రసంగములు అనేకము వింటిమి (లూకా 10:38–42). అయితే మార్త ఒంటరిగా వండుచుండెనన్న సంగతి పలువురు గమనింపరు. మన యిండ్లలో క్రిస్మసునాడు తెల్లవారకమునుపే లేచి, పొగలో నిలిచి, ఆరాధనకు సగములో వచ్చి, మగవారందరును తిని చేతులు కడుగుకొనిన పిమ్మట అడుగంటిన అన్నముతో కూర్చుండువారు ఎవరు? మన తల్లులు, భార్యలు, కోడండ్రు. రక్షకుని కన్నది ఒక స్త్రీ. ఆయన పండుగ పంక్తిలో స్త్రీకి స్థలము లేకపోయినయెడల మనము బేత్లెహేము పాఠమును నేర్చుకొనలేదు.

మార్గము సులభమే. ముందుగా ఆడవారును పిల్లలును వృద్ధులును కూర్చుండగా మగవారు వడ్డింపవలెను. లేదా అన్నియు మధ్యనుంచుకొని అందరును ఒక్కసారిగా కూర్చుండవలెను. బోధకుడును ప్రభువునైనవాడు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. కూర గరిటె పట్టుకొనుటవలన మన మీసమునకు కలుగు నష్టమేమియు లేదు. సణుగుకొనకుండ ఆతిథ్యము చేయుమని పేతురు వ్రాసెను. పని పంచుకొనిన యింటిలో సణుగు దానంతట అదే తగ్గును.

6. కూర్చుండిన తరువాత

వచ్చినవారికి మొదట కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చుడి. సీమోను అను పరిసయ్యుడు విందు చేసియు ఆ చిన్న మర్యాదను మరచెను. ప్రభువు దానిని గమనించెను (లూకా 7:44). ప్రార్థన చిన్నదిగా నుండవలెను. అన్నము చల్లారువరకు ప్రార్థించుట భక్తి కాదు. ఇంటిలోని చిన్నబిడ్డ చేత లూకా 2:1–7 చదివించుడి. పెద్దలను పిలిచి, వారి చిన్ననాటి క్రిస్మసును గూర్చి చెప్పించుడి. సెల్‌ఫోనులు ఒక బుట్టలో వేసి గూటిలో పెట్టుడి. పొలము గట్టు తగాదా, కట్నము బాకీ, ఎన్నికల పార్టీలు ఆ పూటకు గుమ్మము బయట నుండనిండు. సారాయి, బ్రాంది మాత్రము ఏ పేరుతోను లోపలికి రానీయకుడి. కొరింథులో ఒకడు ఆకలితో నుండగా మరియొకడు మత్తుడైన విందును ప్రభువు రాత్రి భోజనమని పిలువ వీలులేదని పౌలు గద్దించెను (1 కొరింథీ. 11:20, 21).

చివరిగా, పంక్తికి రాలేక మంచమున నున్నవారుందురు. తమ కొరకు ఏమియు సిద్ధము చేసికొనలేని వారికి వంతులు పంపుమని నెహెమ్యా 8:10 ఆజ్ఞాపించుచున్నది. ఆ వంతులను మీరు తినక మునుపే తీసి, పిల్లల చేత వేడివేడిగా పంపుడి. గిన్నె మోసికొని పోయిన బిడ్డ ఆ పండుగను మరువడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడచిన క్రిస్మసునాడు మన యింట భోజనము చేసినవారిలో తిరిగి పిలువలేనివారు ఎందరు?
2. మన యింట వండినవారు ఎన్ని గంటలకు, ఎవరితో కూర్చుండి తినిరి?
3. మన వాడ దాటి ఏ యింటివారిని ఈ సంవత్సరము పిలువగలము? వారు పిలిచినయెడల వెళ్లుదుమా?
4. పండుగ ఖర్చులో దేనిని మానినయెడల అప్పు లేకుండ గడచును?

ప్రార్థన

విడిది గదిలో చోటు లేక తొట్టెలో పరుండిన ప్రభువా, మా యిల్లు ఇరుకైనను మా హృదయమును విశాలపరచుము. మా పంక్తిలో పెద్ద చిన్న భేదము లేకుండ చేయుము. మేము పిలుచువారితో కూడ నీవును వచ్చి మాతో భుజించుము. ఆమేన్.