పాత వరికోత యంత్రం కొనుగోలు: వర్తకులు చూడవలసిన లెక్క

వరి కోతలు ముగిసిన తరువాత పాత కోత యంత్రాలు బేరానికి వస్తుంటాయి. సొంత సేద్యం చేసుకునే రైతు కుటుంబం ఇటువంటి యంత్రంపై మనసు పెట్టినప్పుడు పెట్టుబడి కోసం తమ ధాన్యం కొనే వర్తకుని వద్దకో, కమీషన్ ఏజెంటు వద్దకో వెళ్లడం కద్దు. పొలం ఉన్న వర్తకులు కొందరు తామే కొనదలుస్తారు. కొనేది ఎవరైనా లెక్క ఒక్కటే. ఆ లెక్క తప్పితే యంత్రం పాకలో మిగులుతుంది, అప్పు ఖాతాలో మిగులుతుంది.

ఏ రకం యంత్రం?

1980లో పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ స్వరాజ్ 8100 యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అటువంటి పెద్ద టైర్ల యంత్రాలు ఆరిన, విశాలమైన చేలకు అనువైనవి. డెల్టాలోని చిన్న మడులలో, తడి ఆరని నేలలో అవి దిగబడతాయి. అక్కడ రబ్బరు పట్టాలపై నడిచే చిన్న రకం, అనగా వాడుకలో 'చైన్ మిషన్' అనబడేది, పనికివస్తుంది. దీని కోత వెడల్పు సుమారు 2 మీటర్లు. పడిపోయిన చేనును కోయడంలోనూ దీనిదే పైచేయి. అయితే ఇది రోడ్డుపై సొంతంగా దూరం పోలేదు. ఊరు మారినప్పుడల్లా లారీ బాడుగ ఉంటుంది.

గంటల లెక్క

ధరను బట్టి యంత్రం చవకా, ప్రియమా అని తేల్చడం పొరపాటు. ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఉదాహరణకు పాత యంత్రం ధర రూ. 6 లక్షలు అనుకుందాం. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున ఏడాదికి రూ. 72,000. ఐదేళ్ల తరువాత సగం ధరకు అమ్ముడుపోతుందనుకుంటే ఏటా తరుగుదల రూ. 60,000. కోతలకు ముందు చేయించే మరమ్మతు రూ. 50,000. బీమా, పాక వగైరా రూ. 18,000. వెరసి రూ. 2,00,000. యంత్రం కదలకపోయినా ఈ ఖర్చు తప్పదు.

నడిపితే డీజిల్, డ్రైవరు, సహాయకుడు, గ్రీజు కలిపి గంటకు రూ. 1,000 అనుకుందాం. అదే పనికి బాడుగ యంత్రం గంటకు రూ. 2,200 అడిగితే, సొంత యంత్రం వల్ల గంటకు మిగిలేది రూ. 1,200. రెండు లక్షలను దీనితో భాగిస్తే 167 గంటలు వస్తుంది. అంతకంటే తక్కువ నడిస్తే నష్టం, ఎక్కువ నడిస్తే లాభం.

ఇరవై ఎకరాల కుటుంబం రెండు పంటలు వేసి, ఎకరాకు గంట చొప్పున కోసుకుంటే ఏడాదికి 40 గంటలే. సొంత యంత్రంతో అయ్యే ఖర్చు రూ. 2,40,000. బాడుగకు కోయిస్తే అయ్యేది రూ. 88,000. ఏటా తేడా రూ. 1,52,000.

తుఫాను మాటేమిటి?

సమయానికి కోత జరగడమే సొంత యంత్రపు లాభమని అమ్మేవారు చెబుతారు. ఇందులో నిజం లేకపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు డెల్టాలో కోతకు వచ్చిన చేలు నీట పడ్డాయి. అటువంటి వేళ బాడుగ యంత్రం కోసం ఊరంతా ఒకేసారి పరుగెత్తుతుంది.

కాని ఈ లాభానికి కూడా అంకె వేసి చూడాలి. ఇరవై ఎకరాలలో ఎకరాకు 25 క్వింటాళ్ల చొప్పున 500 క్వింటాళ్లు పండి, తడిసిన కారణంగా క్వింటాలుకు రూ. 200 తగ్గిందనుకుంటే నష్టం లక్ష రూపాయలు. ఇది నాలుగేళ్లకొకసారి జరుగుతుందనుకుంటే ఏడాదికి పడేది రూ. 25,000. లక్షా యాభై రెండు వేల తేడా దీనితో పూడదు.

మిగిలిన 127 గంటలు బాడుగకు తిప్పుతామని రైతు అనవచ్చు. అప్పుడు గమనించవలసింది ఒకటున్నది. ఇరుగుపొరుగు వారికి యంత్రం కావలసింది కూడా ఆ వారంలోనే. బాడుగకు పంపితే సొంత చేను ఆగుతుంది, సొంత చేను కోస్తే బాడుగ పోతుంది. ఈ రెండు లాభాలనూ ఒకే గంటకు రెండుసార్లు రాసుకోరాదు. బాడుగ బాకీలు వసూలయ్యే తీరు కూడా చూసుకోవాలి.

గంటలను బట్టే ధర

పై లెక్కను తిరగవేస్తే బేరానికి హద్దు దొరుకుతుంది. ఏడాదికి నికరంగా 100 గంటలే పని ఉందనుకుంటే మిగులు రూ. 1,20,000. అందులో మరమ్మతు, బీమా వగైరాలకు రూ. 68,000 పోను రూ. 52,000 నిలుస్తుంది. వడ్డీ, తరుగుదల కలిసి ధరలో నూటికి 22 కనుక, ఆ కుటుంబం పెట్టదగిన ధర సుమారు రూ. 2,36,000. అంతకు నడిచే యంత్రం దొరకకపోతే బాడుగే మేలు.

చూసి కొనే పద్ధతి

పాకలో నిలిపి ఉన్న యంత్రాన్ని చూసి బయానా ఇవ్వరాదు. చేలో నడిపించి చూడాలి. గంటల మీటరును మార్చి ఉండవచ్చు గనుక దానినే నమ్మరాదు. పట్టాల అరుగుదల, కోత కత్తులు, సాగిన గొలుసులు, ధాన్యాన్ని నెట్టే మరల అంచులు పలచబడిన తీరు అసలు వయసు చెబుతాయి.

తొట్టిలో పొట్టు ఊడిన బియ్యపు గింజలు, విరిగిన గింజలు ఎక్కువగా ఉంటే నూర్పిడి డ్రమ్ము వేగం ఎక్కువైనట్లు, లేదా డ్రమ్ముకూ జల్లెడకూ మధ్య సందు తగ్గినట్లు. గడ్డిలో గింజ రాలని వెన్నులు మిగిలితే దానికి విరుద్ధం. ఇవి సర్దుబాటుతో పోవచ్చు. సర్దినా పోకపోతే అరుగుదలే కారణం.

యంత్రం వెనుక రాలిన గింజలను లెక్కించాలి. గడ్డి పడిన వరుసలోనే కాక కోత వెడల్పు అంతటా చూసి, చదరపు మీటరుకు సగటు తీయాలి. కోతకు ముందే రాలినవి తీసివేయాలి. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగే రకంలో చదరపు మీటరుకు 100 గింజలంటే ఎకరాకు సుమారు 8 కిలోలు. 500 గింజలైతే 40 కిలోలు. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369 చొప్పున అది ఎకరాకు సుమారు రూ. 950.

తేమ, తరుగు

యంత్రం కోసిన ధాన్యం పనలు ఆరిన ధాన్యం వంటిది కాదు. 22 శాతం తేమ ఉన్న 100 కిలోలు 17 శాతానికి ఆరితే 94 కిలోలే మిగులుతాయి. ప్రభుత్వ కొనుగోలులో తేమ హద్దు 17 శాతం. తాలు, గడ్డి 1 శాతం, మట్టి, రాళ్లు 1 శాతం మించరాదు. కనుక కల్లం, పట్టాలు, ఆరబెట్టే కూలీ లేని ఇంట యంత్రం ఒక్కటే వస్తే సరుకు త్వరగా వస్తుంది గాని ధర రాదు. పాడి ఉన్న ఇంట గడ్డి నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కాగితాలు

రిజిస్ట్రేషన్ పత్రంలో బ్యాంకు తాకట్టు నమోదై ఉంటే 35వ నంబరు ఫారం, బ్యాంకు నిరభ్యంతర పత్రం లేనిదే సొమ్ము ముట్టచెప్పరాదు. యజమాని పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. పొరుగు రాష్ట్రపు యంత్రమైతే 28వ ఫారం కూడా అవసరం. సబ్సిడీపై తీసుకున్న యంత్రమైతే అమ్మకంపై షరతులున్నవేమో విచారించాలి.

ఎప్పుడు కొనవచ్చు?

ఇరవై ఎకరాల వారు నలుగురు కలిస్తే రెండు పంటలకు 160 గంటల పని సమకూరుతుంది. 167కు ఇది దగ్గర. ధరలో కొంత తగ్గినా, కొద్దిపాటి బాడుగ దొరికినా లెక్క సరిపోతుంది. కోత వరుస, మరమ్మతు వాటాలు ముందే కాగితంపై రాసుకోవాలి. ఒంటరి కుటుంబం పెట్టుబడికి వస్తే వర్తకుడు యంత్రం ధర అడిగేముందు గంటలు అడగాలి. గంటలు చూపలేని చోట ఇచ్చిన సొమ్ముకు పూచీగా నిలిచేది యంత్రం కాదు, ఆ కుటుంబపు పొలం. పొలం పోగొట్టుకున్న రైతు నుంచి మరుసటి ఏడు బజారుకు ధాన్యం రాదు.