ఇంపెర్‌ఫెత్తొతో తంటాలు పడుతున్న మేనకోడలికి



బొలోన్యా నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఇటాలియన్‌లో ఇంపెర్‌ఫెత్తొ దగ్గర చిక్కుపడ్డానన్నావు. గతంలో సాగుతూ ఉన్న పనినీ, అలవాటునీ చెప్పే క్రియారూపమే కదా అది. రూపాలు ఒక్క పూటలో పట్టుబడతాయి తల్లీ. ఎక్కడ వాడాలన్నదే అసలు సంగతి.

ముందు రూపాలు చూద్దాం. క్రియ చివరి ‘రె’ తీసేసి ప్రత్యయం చేర్చు. పర్లారె అంటే మాట్లాడడం కదా: పర్లావొ, పర్లావి, పర్లావ, పర్లవామొ, పర్లవాతె, పర్లావనొ. క్రేదెరెకి క్రెదేవొ, దొర్మీరెకి దొర్మీవొ. ‘వాళ్ళు’ రూపంలో ఊనిక ‘లా’ మీదే ఉండాలి; ‘పర్లవానొ’ అనకు. ఎస్సెరె మాత్రం దారి తప్పుతుంది: ఎరొ, ఎరి, ఎర, ఎరవామొ, ఎరవాతె, ఎరనొ. ఫారె, దీరె, బేరె తమ పాత రూపాల్ని గుర్తుపెట్టుకుని ఫచేవొ, దిచేవొ, బెవేవొ అవుతాయి.

ఇక వాడుక. చిన్నప్పటి అలవాట్లు, అప్పటి వయసు, వేళ, వాతావరణం, మనసులో ఉన్న భావం, ఇవన్నీ మామూలుగా ఇంపెర్‌ఫెత్తొలోనే చెప్పాలి. ఒక పని సాగుతుండగా ఇంకోటి జరిగితే, సాగుతున్నది ఇందులో, జరిగిపోయింది పస్సాతొ ప్రోస్సిమొలో, అంటే ముగిసిన పనిని చెప్పే భూతకాల రూపంలో. ‘మెంత్రె చెనావొ, ఎ అర్రివాత లా త్సీయ.’ నేను రాత్రి భోంచేస్తుండగా అత్త వచ్చింది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఎక్కువకాలం సాగిందంటే ఇంపెర్‌ఫెత్తొ అనుకుంటారు. అది తప్పు. రోములో పదేళ్ళు ఉన్నానని లెక్క తేల్చి చెబితే ‘ఓ విస్సూతొ ఆ రోమా ద్యెచి అన్ని’ అనాలి. పదేళ్ళయినా అది ముగిసిన లెక్క. చిన్నప్పుడు రోములో ఉండేదాన్ని అని ఊరికే చెబితే ‘దా బంబీనా అబితావొ ఆ రోమా’. కాలం పొడవు చూడకు. మొదలూ చివరా కలిపి చెబుతున్నావా, మధ్యలో నిలబడి చెబుతున్నావా అన్నది చూడు.

మన తెలుగు నీకు ఇక్కడ అండగా ఉంటుంది. ‘సపేవొ’ అంటే అప్పటికే తెలుసు, ‘ఓ సపూతొ’ అంటే తెలిసింది. ఈ తేడా నీకు పుట్టుకతోనే వచ్చు. ఈ రూపానికి ఇంకో వాడుకా ఉంది: కాఫీ అడిగేటప్పుడు ‘వొలేవొ ఉన్ కఫ్ఫె’ అను, మర్యాదగా ఉంటుంది.

పట్టికలు వల్లించడంతో ఆగకు. రోజూ పడుకునేముందు నీ చిన్నతనం గురించి పది వాక్యాలు పైకి చెప్పుకో. మీ ఇల్లు ఎలా ఉండేది, బడికి ఎవరితో వెళ్ళేదానివి, సెలవుల్లో ఏం చేసేదానివి, అన్నీ చెప్పు. తప్పులొచ్చినా ఆపకు. వ్యాకరణం పుస్తకంలో అర్థమవుతుంది, నోటితో చెబితేనే నీదవుతుంది. ఈ రాత్రే మొదలుపెట్టు.

ఇట్లు,
మీ మావయ్య