మెదడు ఆటలు: పెరిగేది మార్కులా, జ్ఞాపకమా?

నంద్యాల చుట్టూ నవ నందులు, ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో నవ నారసింహులు ఉన్న సంగతి మీకు తెలిసినదే. ఈ 18 పేర్లూ మీ అవ్వను అడిగి చూడండి. చిన్ననాడు నేర్చినవి గనుక తడుముకోకుండా చెప్పవచ్చు. ఇందాక కళ్లద్దాలు ఎక్కడ పెట్టిందో అడిగితే మాత్రం వెతుకులాటే! వయసు మీరినకొద్దీ కొత్త విషయాన్ని పట్టుకోవడం, చప్పున తేల్చుకోవడం మందగిస్తాయి.

దీనికి విరుగుడుగా మొబైల్ ఫోనులో మెదడు ఆటలు వచ్చాయి. తెరపై బొమ్మలు మెరిసి మాయమవుతాయి. ఏది ఎక్కడ ఉన్నదో చెప్పాలి. రోజూ ఆడితే మార్కులు పెరుగుతాయి. మరి పెరిగినది జ్ఞాపకశక్తా, ఆ ఆటలో నేర్పు మాత్రమేనా?

ఇటువంటి ప్రశ్ననే తేల్చడానికి అమెరికాలో 65 ఏళ్లు, ఆపైన ఉన్న 2,832 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు జ్ఞాపకంలో, ఇంకొకదానికి తర్కంలో, మూడవదానికి కంప్యూటరు తెరపై చూచినదానిని త్వరగా గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. నాలుగవ జట్టుకు ఏమీ నేర్పలేదు. ఆ జట్టు ఎందుకంటారా? ఒకే రకం పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే, శిక్షణ లేకున్నా మార్కులు కొంత పెరుగుతాయి. ఆ పెరుగుదలను తీసివేసి చూడాలి కదా!

2002లో ఫలితాలు వెలువడ్డాయి. ఏది నేర్పితే అదే మెరుగుపడింది. జ్ఞాపకం సాధన చేసినవారికి తర్కం పెరగలేదు. పదేళ్ల తర్వాత చూస్తే తర్కం, వేగం నేర్చినవారిలో ఆ లాభం కొంత మిగిలింది. జ్ఞాపకం నేర్చినవారిలో మిగలలేదు.

ప్రకటనలు ఇంత ఓపికగా మాట్లాడవు. తమ ఆటలు వయసుతో వచ్చే మరపును ఆపుతాయని ఆధారం లేకుండా ప్రచారం చేసిందన్న ఆరోపణపై, 'ల్యుమోసిటీ' ఆటల కంపెనీ 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది.

మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పరిశీలన వేరొక దారి చూపింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో అది 2013లో అచ్చయింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయిందట, చదువు రానివారిలో కూడా! తెలుగు, ఉర్దూ కలగలిసే నంద్యాల బజారు గుర్తుకు రావడం లేదూ? అయితే ఇది జట్లు కట్టి చేసిన ప్రయోగం కాదు. కారణం భాషేనా అన్నదానిపై వాదాలు సాగుతున్నాయి.

అవ్వ ఆడుకుంటానంటే ఆడనివ్వండి. తెలిసిన దారి తప్పుతున్నా, రూపాయల లెక్క తెగకపోయినా డాక్టరుకు చూపించాలి, ఆటతో సరిపెట్టరాదు. ఆట మొదలు పెట్టకముందు పది సరకుల పేర్లు చదివి వినిపించండి. పావుగంట తర్వాత ఎన్ని చెప్పిందో రాసుకోండి. నెల గడిచాక వేరే పది సరకులతో మళ్లీ అడగండి. ఫోను ముట్టని తాతకూ ఇదే పరీక్ష పెట్టండి.