బేరింగ్స్ బ్యాంకు పతనము

1762లో లండను నగరమున వెలసిన బేరింగ్స్ బ్యాంకు 1995 ఫిబ్రవరిలో కుప్పకూలినది. సింగపూరు శాఖలోని నిక్ లీసన్ ‘88888’ అను ఖాతాలో నష్టములను దాచుచు వచ్చెను. జనవరి 17 నాటి కోబే భూకంపము పిదప అవి మరింత పెరిగి, తుదకు సుమారు 82 కోట్ల 70 లక్షల పౌండ్లకు చేరినవి.

దోషమంతయు అతనిదే యనుట మాకు సమ్మతము కాదు. బేరము చేయువాడే లెక్కలు సరిచూచువాడు! దొంగచేతికి తాళములిచ్చినట్లయినది. ఈ రెండు పనులను వేరుచేయుడని 1994లోనే సంస్థ తనిఖీదారులు సూచించిరి, అమలు జరుగలేదు. లాభములు చూపినవానిని, అవి యెట్లు వచ్చెనని ప్రశ్నింపక, అడిగినంత సొమ్ము పంపిరి. మూలధనములో నాలుగవ వంతుకు మించి ఒకేచోట చిక్కుకొనరాదను కట్టడిని ఇంగ్లండు బ్యాంకు సైతము అనధికారికముగా సడలించెను. మార్చిలో ఐ.ఎన్.జి. అను డచ్చి సంస్థ అప్పులతో సహా బేరింగ్స్‌ను ఒక్క పౌనుకు కొనెను.